వాన తక్కువ పడే చోట చెట్లు పెంచితే వేడి ఎంత తగ్గుతుంది, తేమ ఎంత పెరుగుతుంది?

మీరు అడిగింది ఇది: ఏటా మూడు, నాలుగు వందల మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే పొడి ప్రాంతంలో పచ్చదనం పెంచితే అక్కడి ఉష్ణోగ్రత నిజంగా తగ్గుతుందా, గాలిలో తేమ పెరుగుతుందా, పెరిగితే ఎంత? ఒకరు పది డిగ్రీలు తగ్గుతుందంటారు, ఇంకొకరు చెట్లు ఉన్న కాసిని నీళ్లూ తాగేస్తాయంటారు, ఎవరిని నమ్మాలి?

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఏమిటంటే, వాళ్లు మాట్లాడుతున్నది ఒకే ఉష్ణోగ్రత గురించి కాదు. నేల పైపొర వేడి వేరు, మనిషి ఎత్తులో గాలి వేడి వేరు, ఒంటికి తెలిసే వేడి వేరు. పొడి ప్రాంతంలో చెట్ల వల్ల మొదటిదానిలో పెద్ద మార్పు వస్తుంది. మూడోదానిలోనూ బాగానే వస్తుంది. మధ్యలో ఉన్న గాలి ఉష్ణోగ్రతలో మార్పు కొద్దిగానే ఉంటుంది. ఇక గాలిలో తేమ సంగతికొస్తే, చాలామంది ఊహించుకునే దానికంటే బాగా తక్కువ. ఇది నా తుది మాట. ఎందుకో చెప్పాలంటే ఎండ ఎటు పోతుందో లెక్క వేయాలి.

మేఘాలు లేని మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. లేత రంగు ఇసుక నేల అయితే అందులో 30 నుంచి 40 శాతం తిప్పికొడుతుంది. మిగతాది మూడు దారుల్లో పోవాలి: నేల లోపలికి, పైనున్న గాలిలోకి, లేదా నీటిని ఆవిరి చేయడానికి. నేల ఎండిపోయి ఉంటే మూడో దారి మూసుకున్నట్టే. అప్పుడు నేల బాగా కాగిపోతుంది, కాగిన నేల గాలిని కాచుతుంది, పరారుణ కిరణాలుగా కూడా వేడిని పైకి వదులుతుంది. ఇరాన్‌లోని లూత్ ఎడారిలో 2005లో శాటిలైట్ కొలిచిన నేల ఉష్ణోగ్రత 70.7 డిగ్రీలు. అది నేల వేడి, గాలిది కాదు. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

మొక్క చేసే పని ఆ మూసుకున్న మూడో దారిని తెరవడం. వేరు లోపలి నుంచి నీటిని తోడి, ఆకుల మీది పత్రరంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2.45 మెగాజౌళ్ల వేడి కావాలి. కరెంటు లెక్కలో చెప్పాలంటే సుమారు 0.68 యూనిట్లు. ఒక పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేస్తే 68 యూనిట్లు. పది గంటల పగటిలో అది జరిగితే దాదాపు 6.8 కిలోవాట్ల వేడిని గాలికి చేరకుండా ఆపినట్టు. ‘ఒక చెట్టు ఇన్ని ఏసీలతో సమానం’ అని తిరిగే పోస్టర్లన్నీ ఈ లెక్క మీదే పుట్టాయి. గుణకారం తప్పు కాదు. కానీ ఏసీ పనిచేసేది తలుపులు మూసిన గదిలో. చెట్టు పనిచేసేది గాలి వీచే బయట. పైగా ఆ 100 లీటర్లు ఎక్కడివో పోస్టర్ చెప్పదు.

ఎక్కడివో చూద్దాం. కొమ్మలు పరుచుకున్న మేర 50 చదరపు మీటర్లు అనుకుందాం. ఏటా 300 మిల్లీమీటర్ల వాన పడితే ఆ జాగాలో మొత్తం 15,000 లీటర్లు పడుతుంది. రోజుకు పంచితే 41 లీటర్లు. అందులోనూ కొంత పారిపోతుంది, కొంత నేల పైనుంచే ఆరిపోతుంది. అంటే తన నీడ మేర పడే వానతో ఏ చెట్టూ ఏడాది పొడుగునా రోజుకు 100 లీటర్లు వదలలేదు. వదులుతోందంటే దాని వేళ్లు పక్క జాగాల్లోని నీటినో, వాగు కింద చెమ్మనో, భూగర్భ జలాన్నో అందుకున్నట్టు. లేదా మీరు నీళ్లు పెడుతున్నట్టు. అమెరికాలోని టూసాన్ దగ్గర ఒక గని తవ్వకంలో మన సర్కారు తుమ్మ జాతికే చెందిన చెట్టు వేళ్లు 53 మీటర్ల లోతున కనిపించాయి. ఎడారి చెట్లు అంత లోతుకి పోయేది సరదాకి కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. నీళ్లున్నా సరే, చెట్టు మీకు బాగా అవసరమైన వేళకే చల్లదనం తగ్గించేస్తుంది. గాలి ఎంత ‘దాహంగా’ ఉందో చెప్పే కొలత ఒకటుంది: ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టగలిగిన ఆవిరికీ, నిజంగా ఉన్న ఆవిరికీ మధ్య తేడా. 30 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర ఈ తేడా దాదాపు 2.1 కిలోపాస్కల్స్. 40 డిగ్రీలు, 20 శాతం తేమ దగ్గర 5.9. అంటే దాహం దాదాపు మూడింతలు. వేళ్ల నుంచి నీరు అంత వేగంగా ఆకుకి చేరదు. కాండంలోని నీటి తీగ తెగిపోయే ప్రమాదం వస్తుంది. అందుకే చాలా చెట్లు మధ్యాహ్నానికి పత్రరంధ్రాలను దగ్గరకు మూసేసి, పొద్దు వాలాక కాస్త తెరుస్తాయి. బ్రహ్మజెముడు లాంటివి ఇంకా పొదుపు. రంధ్రాలు తెరిచేదే రాత్రిపూట. వాటితో కొండంతా నింపినా పగటి గాలి ఆవిరి వల్ల చల్లబడడం దాదాపు ఉండదు. ఎండాకాలంలో ఎండిపోయిన గడ్డి కూడా అంతే. పచ్చగా ఉన్నప్పటి గడ్డిని కొలిచి ఏడాది మొత్తానికి అదే అంకె వాడితే లెక్క బోల్తా కొడుతుంది.

మరి ఆవిరి చేయని చెట్టు వల్ల ప్రయోజనం లేదా? ఉంది. దానికి మంచి ఉదాహరణ ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారి అంచున ఉన్న యాతిర్ అడవి. 1960ల్లో నాటడం మొదలుపెట్టిన అలెప్పో పైన్ తోట అది, సుమారు 2,800 హెక్టార్లు. ఏటా పడే వాన దాదాపు 280 మిల్లీమీటర్లు. చుట్టూ లేత రంగు నేల, అక్కడక్కడా పొదలు. అడవి ముదురు రంగు కాబట్టి పక్క నేల కంటే ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది. నీళ్లు తక్కువ కాబట్టి ఎండాకాలంలో ఆవిరి చేసేదీ పెద్దగా లేదు. మామూలుగా ఆలోచిస్తే అది కాగిపోవాలి. 2010లో వచ్చిన అధ్యయనంలో తేలింది దీనికి తలకిందులు: అడవి పైభాగం పక్కనున్న పొదల నేల కంటే సగటున దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉంది.

కారణం గరుకుదనం. చదునైన నేలకి అంటుకుని గాలి పొర కదలకుండా ఉంటుంది, వేడి దాన్ని దాటి పైకి పోవడం కష్టం. ఎగుడుదిగుడుగా ఉన్న చెట్ల తలలు గాలిని సుడులు తిప్పుతాయి. సన్నని సూదుల్లాంటి ఆకుల మీద గాలి పొర కూడా బాగా పల్చన. దాంతో ఆకులు తమ వేడిని గాలికి తేలిగ్గా వదిలేసి, తాము గాలి ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉండగలుగుతాయి. ఎడారి మొక్కల్లో ఎక్కువ వాటికి చిన్న ఆకులే ఎందుకుంటాయో ఇక్కడ అర్థమవుతుంది. నీళ్లు ఖర్చు పెట్టకుండా చల్లబడే మార్గం అది. వెడల్పాటి ఆకుకి ఆ సౌకర్యం లేదు. నీళ్లు ఆగిపోతే గాలి కంటే చాలా డిగ్రీలు వేడెక్కిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆకులు చల్లబడ్డాయంటే వేడి మాయమైపోలేదు, గాలిలోకి పోయింది. యాతిర్ అడవి గాలికి వదిలే వేడి చుట్టుపక్కల నేల వదిలే దానికంటే ఎక్కువే. కాబట్టి శాటిలైట్ చిత్రంలో అడవి నీలంగా, చుట్టూ ఎర్రగా కనిపిస్తే ‘గాలి అయిదు డిగ్రీలు తగ్గింది’ అని రాసేయకూడదు. శాటిలైట్‌కి కనిపించేది పైనున్న తొడుగు ఉష్ణోగ్రత. ‘పది డిగ్రీలు తగ్గింది’ అనే పోస్టుల్లో ఎక్కువ భాగం ఈ పొరపాటు మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు నీడ. పొడి ప్రాంతంలో మనిషికి, పశువుకి, మొలకకి చెట్టు ఇచ్చే అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం. ఎండలో నిలబడ్డ మనిషికి వేడి ఒక్క గాలి నుంచే రాదు. పైనుంచి సూర్యుడు, కింద నేల నుంచి తిరిగొచ్చే వెలుతురు, కాగిన నేల, గోడల నుంచి వచ్చే పరారుణ కిరణాలు, అన్నీ ఒంటి మీద పడతాయి. 60 డిగ్రీలున్న నేల పక్కన నిలబడితే గాలి 38 డిగ్రీలే ఉన్నా పొయ్యి దగ్గర ఉన్నట్టే ఉంటుంది. చెట్టు కిందికి రాగానే ఇవన్నీ ఒకేసారి తగ్గుతాయి. నేల ఎండలో ఉన్నదానికంటే ఇరవై డిగ్రీలు, అంతకు మించి చల్లగా ఉండొచ్చు. గాలి ఉష్ణోగ్రతలో తేడా ఒకటి రెండు డిగ్రీలే అయినా ఒంటికి తెలిసే తేడా చాలా ఎక్కువ. దీనికి చెట్టు ఒక్క చుక్క నీరు కూడా ఆవిరి చేయనక్కర్లేదు. గాలి ఉష్ణోగ్రత వరకే చూస్తే, 2010లో అనేక నగరాల కొలతలను ఒకచోట చేర్చి చేసిన ఒక సమీక్షలో పార్కులు పగటిపూట సగటున 0.94 డిగ్రీలు చల్లగా ఉన్నట్టు తేలింది. అది చూసి నిరుత్సాహపడిపోవద్దు. ఆ అంకెలో నీడ వల్ల ఒంటికి వచ్చే ఉపశమనం లేదు.

తేమ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీటర్ చూసి మోసపోయేది ఇక్కడే.

మనం రోజూ వినే తేమ శాతం సాపేక్షం. గాలిలో ఆవిరి ఒక్క గ్రాము కూడా పెరగకుండానే, గాలి చల్లబడితే చాలు, ఆ శాతం పెరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర 20 శాతం తేమ ఉన్న గాలిని తీసుకుని 37కి చల్లార్చండి. ఆవిరి అంతే ఉంటుంది, మీటర్ మాత్రం 23.5 చూపిస్తుంది. చెట్ల కింద ‘తేమ మూడు శాతం పెరిగింది’ అంటే అందులో చెట్టు వదిలిన ఆవిరి ఎంత, చల్లదనం చేసిన మాయ ఎంత అని విడదీయాలి. విడదీయడానికి తేలిక మార్గం డ్యూ పాయింట్ చూడడం, అంటే గాలిని ఎన్ని డిగ్రీలకి చల్లారిస్తే మంచు పడుతుందో ఆ అంకె. అది ఆవిరి పెరిగితేనే పెరుగుతుంది.

నిజంగా ఎంత ఆవిరి చేరుతుందో చిన్న లెక్క వేద్దాం. ఒక హెక్టారు పచ్చటి తోట, బాగా నీళ్లు పెట్టినది, వంద మీటర్ల పొడుగు. గంటకు అర మిల్లీమీటరు నీరు ఆవిరవుతోంది, ఇది చాలా మంచి వేగమే. గాలి సెకనుకు మూడు మీటర్ల వేగంతో వీస్తోంది. గాలి తోటను దాటడానికి పట్టేది 33 సెకన్లు. ఆ లోపు ప్రతి చదరపు మీటరు నుంచి దానిలో చేరేది సుమారు 4.6 గ్రాములు. అది పది మీటర్ల ఎత్తు దాకా కలిసిపోయిందనుకుంటే ఘనపు మీటరుకి అర గ్రాము కంటే కొంచెం తక్కువ. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిలో ముందే ఘనపు మీటరుకి 10.2 గ్రాముల ఆవిరి ఉంది. అంటే 20 శాతం కాస్తా 21 శాతం దగ్గరికి వస్తుంది. అంతే. తోట దాటి ఇంకాస్త దూరం పోయేసరికి అది కూడా పైగాలిలో కలిసిపోతుంది. పొడి ప్రాంతాల్లో ఎండాకాలపు మధ్యాహ్నాల్లో కింది గాలి రెండు, మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా, కొన్నిచోట్ల ఇంకా పైకి, కలగాపులగంగా కలుస్తూ ఉంటుంది. ఇంటి చుట్టూ నాలుగు చెట్లు పెట్టి గాలి తేమ మారుతుందని ఎదురుచూడడం వృథా.

విస్తీర్ణం పెరిగితే కథ మారుతుంది. చైనాలో హెయ్‌హె నదీ తీరాన ఒయాసిస్‌కీ పక్కనున్న గోబీ రాళ్ల నేలకీ మధ్య 1990 తర్వాత పెద్ద ఎత్తున కొలతలు జరిగాయి. అక్కడ కనిపించింది విచిత్రంగా ఉంటుంది. ఎడారి మీది వేడి గాలి ఒయాసిస్ మీదికి వస్తుంది. పచ్చటి పంట ఆ గాలి నుంచి కూడా వేడిని లాక్కుని నీటిని ఆవిరి చేస్తుంది. పట్టపగలే కింద చల్లగా, పైన వేడిగా ఉండే పొర ఏర్పడుతుంది. చల్లని గాలి బరువు కాబట్టి పైకి లేవదు, పైగాలితో కలవడం తగ్గుతుంది, తేమ కింద నిలబడుతుంది. ఒయాసిస్ తన చల్లదనాన్ని తానే కొంత కాపాడుకుంటుందన్నమాట. దాని పక్కనున్న ఎడారిలో కూడా తేమ పైనుంచి కిందికి ప్రయాణించడం కొలతల్లో దొరికింది. మామూలుగా నేల నుంచి పైకి పోవాల్సిన ఆవిరి తలకిందులుగా!

కానీ దీని ఖరీదు నీళ్లలో కట్టాలి. ఒయాసిస్ అంచున ఉన్న పంటకి ఎండ ఇచ్చే వేడితో పాటు ఎడారి గాలి తెచ్చే వేడి కూడా తోడవుతుంది కాబట్టి, ఎండ లెక్క ప్రకారం ఖర్చవ్వాల్సిన నీటి కంటే ఎక్కువే ఖర్చవుతుంది. చిన్న పచ్చ ముక్కకి చుట్టూ అంచే ఎక్కువ. అందుకే అదే విస్తీర్ణాన్ని చెల్లాచెదురుగా కాకుండా ఒకేచోట గుత్తిగా పెంచితే లీటరు నీటికి వచ్చే చల్లదనం మెరుగ్గా ఉంటుంది. పాత ఒయాసిస్సుల్లో పైన ఖర్జూరం, దాని నీడలో దానిమ్మ, అత్తి లాంటివి, అడుగున కూరలు, గడ్డి అని మూడంతస్తులుగా పెంచేది ఊరికే కాదు. పై అంతస్తు ఎండనూ గాలినీ తగ్గిస్తే కింది అంతస్తు నీటి ఖర్చు తగ్గుతుంది.

రాత్రిళ్ల సంగతి చాలామంది అడగరు, నేను తప్పక చెప్తాను. పొడి గాలి, మేఘాల్లేని ఆకాశం ఉన్నచోట నేల రాత్రి వేడిని ఆకాశానికి వేగంగా వదిలేస్తుంది. చెట్ల గుబురు కింద ఆ దారికి మూత పడుతుంది కాబట్టి గుబురు కింద రాత్రి కాస్త వెచ్చగా ఉంటుంది. చలికి చచ్చిపోయే మొలకలు పెద్ద మొక్కల కింద బతకడానికి ఇదొక కారణం. ఇంకో ఉదాహరణ చూడండి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని సెవిలేటాలో గడ్డి భూమి క్రమంగా పొదలతో నిండిపోయింది. శీతకాలపు రాత్రుల్లో పొదల నేల మీద గాలి పక్కనున్న గడ్డి భూమి కంటే దాదాపు 2 డిగ్రీలు వెచ్చగా ఉన్నట్టు కొలిచారు. పొదల మధ్య ఖాళీ నేల ఎక్కువ. పగలు ఆ ఖాళీ నేల వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. ఆ వెచ్చదనం చలికి తట్టుకోలేని పొదలకే మళ్లీ మేలు చేస్తుంది. కాబట్టి ‘పచ్చదనం పెరిగితే చల్లదనం’ అనే సూత్రం గుడ్డిగా వాడకూడదు. ఏ మొక్క, దాని మధ్య ఎంత ఖాళీ, పగలా రాత్రా, ఇవన్నీ అడగాలి.

గాలివాటుకి అడ్డంగా నాటే చెట్ల వరుసల్లో కూడా ఇలాంటి ఆశ్చర్యమే ఉంది. వరుస వెనుక గాలి వేగం తగ్గుతుంది, నేల, పంట తక్కువ ఆరతాయి, తేమ కొంచెం నిలుస్తుంది. అదే సమయంలో వేడిని ఎత్తుకుపోయే గాలి కూడా తగ్గింది కదా, పగటి ఉష్ణోగ్రత ఆ దగ్గరలో కాస్త పెరగొచ్చు కూడా. పంటకి లాభమే, కానీ కూర్చోవడానికి చల్లటి చోటు కావాలనుకుంటే అది కాదు.

ఇక తేమ పెరగడం ఎప్పుడూ మంచిదేనా? కాదు. మన ఒళ్లు చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే అంకెను వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు, మనిషి ఓర్పుకి అదే దగ్గరి కొలత. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అది 22 నుంచి 23. 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 28 దాటుతుంది. మామూలు థర్మామీటర్ అయిదు డిగ్రీలు తక్కువ చూపిస్తున్నా రెండో చోటే మనిషికి కష్టం. వెట్ బల్బ్ 35 దాటితే ఆరోగ్యవంతుడు కూడా నీడలో ఊరికే కూర్చుని గంటల తరబడి తట్టుకోలేడని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతపరంగా లెక్క కట్టారు. మనుషుల మీద తర్వాత జరిగిన పరీక్షల్లో ఆ హద్దు ఇంకా కిందే ఉన్నట్టు తేలింది. భారీగా నీళ్లు పెట్టే వ్యవసాయం వల్ల మన దేశంలో ఉత్తరాది మైదానాల్లో ఉష్ణోగ్రత తగ్గినా ఉక్క మాత్రం పెరుగుతోందని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. గాలి నుంచి వేడి తీసుకుని అదే గాలిలో ఆవిరి చేర్చితే వెట్ బల్బ్ మారదు. కానీ తడి నేల మీద, ఎండ వేడి ఆవిరి రూపంలో, పైకి పెద్దగా కలవని పల్చటి గాలి పొరలో పేరుకుంటుంది. అప్పుడే అది పెరుగుతుంది. నాలుగు చెట్లకి ఈ భయం అక్కర్లేదు. వేల హెక్టార్ల తడి పొలాలకే ఇది వర్తిస్తుంది.

చెట్లు వానను తెస్తాయా అనేదాన్ని మీరు నేరుగా అడగలేదు కానీ, అడిగినట్టే ఉంది. 1975లో జూల్ చార్నీ అనే వాతావరణ శాస్త్రవేత్త ఒక వాదన పెట్టాడు: ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న పొడి ప్రాంతమైన సాహెల్‌లో పచ్చదనం పోయి నేల లేత రంగుకి మారితే ఎక్కువ ఎండ తిరిగి పైకి పోతుంది, పైగాలి చల్లబడి కిందికి దిగుతుంది, వాన తగ్గుతుంది. ఆ రోజుల్లోనే దీని మీద గొడవ జరిగింది. ఈజిప్టులోని సినాయ్, ఇజ్రాయెల్‌లోని నెగెవ్ సరిహద్దులో మేత వల్ల బోడిగా మారిన వైపు లేత రంగులో ఉండి చల్లగా ఉంటుందని ఒకరంటే, అమెరికా, మెక్సికోల్లో పరుచుకున్న సోనోరా ఎడారి కొలతలు చూపించి బోడి నేలే వేడిగా ఉంటుందని ఇంకొకరు అన్నారు. అమెరికా, మెక్సికో సరిహద్దులో తర్వాత చూసినప్పుడు ఎక్కువ మేత జరిగిన మెక్సికో వైపే వేడిగా కనిపించింది. రంగు ఒక్కటే కాదు, నీరు, గరుకుదనం కూడా లెక్కలో ఉంటాయని ఆ గొడవ వల్లే అందరికీ తెలిసొచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కుందేళ్లను ఆపడానికి కట్టిన కంచెకి ఒకవైపు గోధుమ పొలాలు, ఇంకోవైపు సహజమైన పొదలు. మేఘాలు పొదల వైపే ఎక్కువగా కడుతున్నట్టు పరిశీలనలు ఉన్నాయి. ఇవన్నీ వందల కిలోమీటర్ల స్థాయి విషయాలు. ఎకరాల్లో నాటేవాళ్లు వాన కోసం నాటకండి, నీడ కోసం నాటండి.

నీళ్లు తాగేస్తాయనే వాదనకి వద్దాం. అతిశయోక్తులు రెండు వైపులా ఉన్నాయి. అమెరికా నైరుతి ప్రాంతంలో తమారిస్క్ అనే బయటి నుంచి వచ్చిన చెట్టు రోజుకు 750 లీటర్లకి పైగా తాగుతుందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. కాండంలో నీటి ప్రవాహాన్ని నేరుగా కొలిచాక పెద్ద చెట్టు కూడా సుమారు 120 లీటర్ల లోపే అని తేలింది. మరోవైపు చైనాలోని లోయెస్ పీఠభూమి ఉంది. 1999 నుంచి అక్కడ భారీగా చెట్లు, గడ్డి పెంచారు. కొండలు పచ్చబడ్డాయి, మట్టి కొట్టుకుపోవడం తగ్గింది. నేలలో లోతున చెమ్మ కూడా తగ్గింది. ఇంకా పెంచితే మనుషుల అవసరాలకి నీళ్లు చాలవనే హద్దు దగ్గరికి వచ్చేశారని 2016లో ఒక అధ్యయనం హెచ్చరించింది.

అదే 2016లో పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో నుంచి వచ్చిన మరో అధ్యయనం నాకు చాలా ఇష్టం. అక్కడ పొలాల్లో అక్కడక్కడా చెట్లుంటాయి. అస్సలు చెట్లు లేని చోట నేల గట్టిపడి వాన నీరు ఇంకదు. దట్టంగా ఉన్నచోట ఇంకిన నీటిని చెట్లే వాడేసుకుంటాయి. మధ్యస్థంగా, పల్చగా చెట్లున్న చోట భూగర్భ జలానికి చేరేది అన్నిటికంటే ఎక్కువ. వేళ్లు, పురుగులు చేసిన రంధ్రాల గుండా నీరు దిగిపోతుంది, ఆ దిగినదాన్నంతా తాగేయడానికి సరిపడా చెట్లు అక్కడ లేవు. మీ ప్రాంతంలో వాన 400 మిల్లీమీటర్ల లోపు అయితే నేను ఈ పద్ధతికే మొగ్గుతాను: దట్టమైన అడవి కాదు, దూరం దూరంగా పెద్ద నీడ చెట్లు, మధ్య నేలను గడ్డితోనో ఎండు ఆకులతోనో కప్పి ఉంచడం. నేలను కప్పడం చూడ్డానికి గొప్పగా ఉండదు కానీ, నేల వేడి తగ్గించడానికి అంత తక్కువ నీటితో పనిచేసేది ఇంకోటి లేదు.

జాతిని ఎంచుకునేటప్పుడు ఎండాకాలంలో ఆకు నిలుపుకునేదేనా అని మొదట చూడండి. ఎండలు ముదిరేసరికి మోడుబారే చెట్టు నీడ విషయంలో ఎందుకూ కొరగాదు. ఆఫ్రికాలో ఫెయిధర్బియా అల్బిడా అనే తుమ్మ బంధువు ఉంది. అది వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. పంటకి వెలుతురు అడ్డు రాదు, వేసవిలో నీడ ఇస్తుంది. నైజర్‌లో రైతులు కొత్తగా నాటకుండా, పొలాల్లో మొద్దుల నుంచి మళ్లీ మొలిచే ఇలాంటి చెట్లను నరక్కుండా కాపాడడం వల్లే 1980ల నుంచి దాదాపు 50 లక్షల హెక్టార్లలో పచ్చదనం తిరిగొచ్చింది. మీ నేలలో ముందే ఉన్న మొద్దులు, వేళ్లు ఏమిటో చూశాకే నర్సరీకి వెళ్లండి. నాటేచోటు విషయంలో పడమటి వైపుకి ప్రాధాన్యం ఇవ్వండి. మధ్యాహ్నం మూడు గంటల తర్వాత వాలుగా వచ్చే ఎండే గోడలను, నేలను ఎక్కువ బాధపెడుతుంది.

చివరిగా, మీరే కొలిచి చూసుకుంటానంటే (తప్పకుండా చూడండి), థర్మామీటర్‌ను ఎండ తగలని, గాలి ఆడే తెల్లటి తొడుగులో, నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో పెట్టండి. ఒకటి చెట్ల మధ్య, ఇంకోటి గాలి వచ్చే వైపు బయట ఖాళీ జాగాలో, రెండూ ఒకే రకం పరికరాలు. పెట్టేముందు రెండిటినీ ఒక రోజంతా పక్కపక్కన ఉంచి ఎంత తేడా చూపిస్తున్నాయో రాసుకోండి. చవక పరికరాల్లో అర డిగ్రీ తేడా మామూలే, మీరు వెతుకుతున్న ప్రభావం కూడా ఒక డిగ్రీయే కదా. మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున అయిదింటికి రెండుసార్లూ చదవండి. తేమ శాతంతో పాటు డ్యూ పాయింట్ కూడా రాయండి. పక్కనే ఒక నల్లరంగు పూసిన బోలు బంతిలో ఇంకో థర్మామీటర్ పెడితే, నీడ వల్ల ఒంటికి ఎంత వేడి తగ్గుతోందో దాని అంకె చెబుతుంది. ఆ రీడింగులు ఒక వేసవి మొత్తానికి ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.